రెండు నల్లరాళ్ల నడుమ తెల్లపొర

మా ఊళ్లో ముగ్గు కొనుక్కునే ఇల్లు ఒక్కటి కూడా ఉండేది కాదు. కొనాల్సిన అవసరమూ లేదు. ఊరికి పడమరగా, పామాయిల్ తోటలు దాటాక, ఒక పాత క్వారీ గొయ్యి ఉంది. ఎప్పుడో రోడ్డుకి కంకర కొట్టుకుని వదిలేసింది. ఆ గొయ్యి గోడలో అడుగున నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో నడుమెత్తున తెల్లరాయి. గోటితో గీసినా పొడి రాలుతుంది. మేం దాన్ని ముగ్గురాయి అంటాం. సంక్రాంతి నెలగంట పెట్టే ముందు ఆడవాళ్లం గంపలు, చిన్న గునపాలు పట్టుకుని వెళ్లి, ఆ ఏడాదికి కావలసింది తవ్వి తెచ్చుకునేవాళ్లం. రోట్లో దంచి పాత పంచెగుడ్డతో జల్లిస్తే అంగట్లో దొరికే ముగ్గు దానికి సాటిరాదు.

నేను పుట్టింది గోదావరి లంకలో. అక్కడ ఇసక, ఒండ్రు తప్ప రాయి పుట్టదు. మా అమ్మ బట్టలుతికే బండ పడవ మీద వచ్చిందే. మూడో తరగతితో బడి మాన్పించి, తర్వాత కొన్నేళ్లకి నన్ను ఈ మెట్ట ఊరికి ఇచ్చారు. ఇంత రాయి అడిగేవాడు లేకుండా పడి ఉందేమిటి అని మొదట్లో నాకు మనసు నిలిచేది కాదు. గడపకి, పశువుల కుడితి తొట్టి కిందకి, కంచె మొదట్లోకి, కనపడ్డ రాయినల్లా ఇంటికి మోసేదాన్ని. మా అత్తగారు నవ్వేవారు. ముగ్గురాయి తవ్వడం నేర్పింది ఆవిడే.

"మెత్తటి తెలుపే తవ్వు. దాని పైన ఎర్రగా గట్టిగా ఒక పట్టీ ఉంటుంది చూడు, అది మాడు. దాని జోలికి పోకు. దంచినా నలగదు, పైగా అదే మనకి కప్పు."

అన్నం గిన్నెలో మాడు అడుగున ఉంటుంది. ఇక్కడ పైన ఎందుకుందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తరాల తరబడి అందరూ అలాగే తెలుపుని గోక్కుంటూ, మాడుని వదిలేస్తూ లోపలికి వెళ్లారు. నాకు మనవలు పుట్టేసరికి అది ఒక పొట్టి గదిలా అయిపోయింది. వంగి దూరి, లోపల మోకాళ్ల మీద పాకాలి. ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. కప్పు పడుతుందేమోనని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పైనున్న నల్లరాయి మా ఊరి నుంచి దేవరపల్లి దాకా ఒకటే రాయి అని అందరి నమ్మకం. ఒకటే రాయి ఎక్కడ పడుతుంది?

మా రెండోవాడి కూతురు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. నేల లోపలి రాళ్ల చదువు. ఆ చదువుకి ఉద్యోగం వస్తుందా అని నేను అడిగినప్పుడల్లా, "వస్తుందిలే మామ్మా, ముందు నన్ను చదవనీ" అంటుంది. కిందటేడు మార్గశిరంలో సెలవులకి వచ్చింది. సుత్తి, ఉలి, ప్లాస్టిక్ సంచులు తెచ్చుకుంది. నేను గంప సర్దుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నేనూ వస్తాను మామ్మా. నాకు ఆ మాడు కావాలి."

"మాడు ఎవరికి కావాలే? గిన్నె గీక్కునేవాళ్లకి కావాలి."

"మా మేడమ్‌కి కావాలి. నేను చూశానంటే నమ్మడం లేదు. ముక్క తెచ్చి చూపించమంది."

ఎదురింటి ఆవిడ కూడా మాతో బయల్దేరింది. వరసకి నాకు ఆడపడుచు, వయసులో చిన్నది, నోరు మాత్రం పెద్దది. దారి పొడుగునా మనవరాలిని ఆటపట్టించింది. రాళ్లు కొట్టడానికి ఇన్ని లక్షలు పోసి చదవాలా, క్రషర్‌లో చేరితే రేపటి నుంచే కూలి ఇస్తారు కదా అంది. అది కోపం తెచ్చుకోలేదు.

"చిన్న మామ్మా, చందమామలో కుందేలు కనపడుతుంది కదా. ఆ నల్ల మచ్చలు ఏంటనుకున్నావు? ఈ రాయిలాంటిదే. అక్కడా నేల లోపలి నుంచి కరిగిన రాయి పొంగి, పల్లాల్లో పారి గడ్డకట్టింది."

"అయితే అక్కడ కూడా క్రషర్ పెట్టేస్తారు మనవాళ్లు" అంది ఆడపడుచు.

నాకు కొత్త క్వారీ ఊసు ఎత్తితేనే ఒళ్లు మండుతుంది. పాత గొయ్యి పక్కన చిన్న గట్టు, ఆ గట్టుకి అవతల కొత్త క్వారీ. పొద్దుటి నుంచి క్రషర్ ఆడుతూనే ఉంటుంది. ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, ఆవకాయ జాడీ మూత మీద కూడా దాని డస్టే. సాయంత్రం బ్లాస్టింగు చేస్తారు. సైరన్ కూత వస్తుంది, మళ్లీ ఇంకో కూత వస్తుంది, ఆ తర్వాత పేలుతుంది. గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మాకు అలవాటైపోయింది.

గొయ్యిలో ఆడపడుచు గంప తొందరగా నిండింది. పాలు తీసే వేళయిందని వెళ్లిపోయింది. నా గంప ఇంకా సగమే. సగం గంపతో ఇంటికి వెళ్లే అలవాటు నాకు లేదు. నేను ముఖద్వారం దగ్గరే కూర్చుని తవ్వుకుంటున్నాను. మనవరాలు బాగా లోపలికి వెళ్లింది. వెల్లకిలా పడుకుని, కాళ్లు లోపలి గోడ వైపు పెట్టి, టార్చి గుండెల మీద పెట్టుకుని, పైనున్న మాడుని ఉలితో మెల్లగా కొడుతోంది. టిక్కు టిక్కుమని చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది.

"మామ్మా."

"ఏంటే?"

"ఇది ఒకటే రాయి కాదు."

గొంతులో తేడా నాకు తెలిసింది. గునపం కింద పెట్టాను.

"మాడు పైన నల్లరాయికి నిలువునా పగుళ్లున్నాయి. చల్లారేటప్పుడు చెరువు మట్టి నెర్రెలు విచ్చుకున్నట్టు విచ్చుకుని, స్తంభాలు స్తంభాలుగా తయారైంది. పక్కపక్కన నిలబెట్టిన తాటి మొద్దుల్లా ఉన్నాయి. మనం కింద నుంచి గోక్కుంటూ వచ్చేశాం. ఇవి దేని మీద నిలబడ్డాయో నాకు అర్థం కావడం లేదు."

"అయితే బయటికి రా. తర్వాత చెబుదువుగాని."

వస్తున్నానని మోచేతుల మీద లేచింది. అప్పుడే దాని కాళ్ల వైపు, బియ్యం బస్తా కింద పడ్డట్టు, దబ్బుమని చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు. తెల్లటి దుమ్ము లేచింది. అది అరవలేదు. ఊపిరి లోపలికి లాక్కుంది, అంతే.

నేను పాక్కుంటూ వెళ్లాను. మాడుతో సహా ఒక నల్లరాతి ముక్క ఊడి పడింది. తిరగలి కంటే పెద్దది. ఒక అంచు, ఎవరో తవ్వకుండా వదిలేసిన తెల్లటి దిమ్మ మీద ఆగింది. రెండో అంచు దీని కుడికాలి బూటు మీద. కాలు మెత్తటి నేలలోకి దిగబడింది కాబట్టి నలగలేదు. కానీ రాదు. అది లాగింది, నేను లాగాను. రాలేదు. బూటు తాడు విప్పుదామంటే రాయి దాని మీదే ఉంది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. వేళ్లు కదులుతున్నాయి."

వేళ్లు కదులుతున్నాయంటే ఎముక విరగలేదని ధైర్యం తెచ్చుకున్నాను. మనుషుల్ని పిలుచుకొద్దామనుకున్నాను. ఫోను దాని జేబులో ఉంది. గొయ్యిలో సిగ్నల్ రాదు, అది నాకూ తెలుసు. గట్టెక్కి అవతలికి దిగాలంటే నా మోకాళ్లతో చాలాసేపు పడుతుంది.

అదే సమయంలో క్రషర్ ఆగిపోయింది.

రోజంతా ఆడే చప్పుడు ఆగితే చెవుల్లో ఏదో ఊడిపోయినట్టు ఉంటుంది. బ్లాస్టింగుకి ముందే దాన్ని ఆపుతారు. మనవరాలు నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. పైనున్న స్తంభాలు ఒక్క ముక్క ఊడాక ఎలా ఉన్నాయో దానికి తెలుసు. పేలితే నేల ఎంత అదురుతుందో నాకు తెలుసు.

"నువ్వు వెళ్లు మామ్మా. గొయ్యి మధ్యలోకి వెళ్లి అరువు."

కూర్చున్న చోటి నుంచే అరిచాను. గొంతు ఆ గదిలోనే తిరిగింది. పైన సన్నగా పొడి రాలింది.

"వద్దు, అరవకు. వెళ్లిపో."

"నోరు మూసుకో" అన్నాను. దాన్ని అంత మాట నేనెప్పుడూ అనలేదు.

రాయిని ఎత్తలేం. కానీ కాలి కింద ఉన్నది ముగ్గురాయి. నా చేతులు పెళ్లైనప్పటి నుంచి గోకుతున్నది దాన్నే. బోర్లా పడుకుని, గునపం మొనతో దాని మడమ కింద గోకడం మొదలుపెట్టాను. అది టార్చి పట్టుకుంది.

"మామ్మా, ఆ దిమ్మ తగలనివ్వకు. రాయి బరువంతా దాని మీదే ఉంది. ఈ పక్కనుంచి రా, నా బొటనవేలి వైపు నుంచి."

"సరే. నువ్వు కదలకు."

దాని కాలు వణుకుతోంది. వణికితే గునపం కాలికే తగులుతుంది. చిన్నప్పుడు దానికి సూది వేయించేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడించేదాన్ని.

"ఆ నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నావు?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. చెప్పు."

"పడమటి కనుమల వైపు నుంచి. అక్కడ నేల పగిలింది."

"కొండ కదా పేలేది?"

"ఇది కొండ కాదు. పొడుగాటి పగుళ్లు. వాటిలోంచి కరిగిన రాయి పొంగింది. అప్పటి ఏళ్ల పల్లాలు పట్టుకుని ఇక్కడిదాకా పారింది."

"ఎసరు పొంగితే పొయ్యి చుట్టూ పడుతుంది. వీధి చివరికి పోతుందా?"

"ఇది పోయింది మామ్మా. దేశానికి ఆ చివర పొంగి ఈ చివరకి వచ్చింది. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి మాట. మనుషులే లేరు."

మడమ కింద నా వేలు పట్టేంత సందు అయింది. గునపం వదిలేసి వేళ్లతో లాగుతున్నాను. తెలుపులో నత్తగుల్లలు ఉంటాయి, పొడుగ్గా మెలికలు తిరిగినవి. ముగ్గులో వేలికి గుచ్చుకుంటాయని ఎప్పుడూ ఏరి పారేసేవాళ్లం. ఇప్పుడు గోళ్ల కింద దిగుతున్నాయి.

"ఈ నత్తలు ఎప్పటివి?"

"కింది రాయి చల్లారాక వచ్చాయి. చల్లారాక ఇక్కడికి సముద్రం నీళ్లు వచ్చాయి. కోరంగి వైపు మడ చెట్ల మధ్య ఉప్పునీటి కయ్యలు ఉంటాయి చూడు, అలాంటివి ఉండేవి. నత్తలు, ఆల్చిప్పలు పుట్టి, చచ్చి, మళ్లీ పుట్టి, ఈ తెలుపంతా పేరుకుంది. ఎన్నాళ్లు పట్టిందో. ఇంక ఏమీ జరగదన్నంత కాలం."

"తర్వాత?"

"తర్వాత మళ్లీ వచ్చింది. పైరాయి. వేడికి తెలుపు పై అంచు కాలిపోయింది. అదే మాడు."

బట్టీలో ఇటుక ఎర్రబడ్డట్టు అన్నమాట. ఇన్నేళ్లూ నా నెత్తి మీద ఉన్నది అది. దాన్ని కప్పు అన్నాం.

మొదటి సైరన్ కూసింది.

దాని మాట ఆగిపోయింది. టార్చి వెలుగు గోడ మీద ఊగింది. "వెలుగు నా చేతి మీద పెట్టు" అన్నాను. పెట్టింది. "ఆపకుండా చెప్పు. ఆ వేడికి ఇంకేమైంది?"

"గాలి పాడైంది." మాటలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. "గంధకం పొగ. ఎండ తగ్గింది. వానలు ఆమ్లంగా పడ్డాయి. ఇక్కడొక్కచోటే కాదు, భూమి మొత్తానికి. ఆ రోజుల్లోనే రాకాసి బల్లులు పోయాయి. ఆకాశం నుంచి రాయి పడి పోయాయని కొందరు, ఈ పొగ కూడా చంపిందని కొందరు. ఇంకా పోట్లాడుకుంటున్నారు మామ్మా."

"కాలు వెనక్కి లాగు. మడమ పైకెత్తు, బూటులోంచి లాగు, బూటుని వదిలెయ్."

లాగింది. రాలేదు. ఇంకొంచెం గోకాను. దిమ్మ వైపు ఒక తెల్లటి పెళ్ల విరిగి పడింది. రాయి కిర్రుమంది. ఇద్దరం బిగుసుకుపోయాం. రాయి ఆగింది. దాని బూటు అంచు పట్టుకుని నేను కిందికి నొక్కాను, అది పైకి లాగింది. మడమ జారింది. పాదం బయటికి వచ్చింది. బూటు అక్కడే ఉండిపోయింది.

తర్వాత ఎలా వచ్చామో వరసగా గుర్తు లేదు. దాన్ని ముందు పాకమన్నాను, నేను వెనక. రెండో సైరన్ కూసేసరికి అది ముఖద్వారం దాటింది, నేను దాటలేదు. వెనక్కి తిరిగి నా రెండు చేతులూ పట్టుకుని ఈడ్చింది. గొయ్యి మధ్యలో ఒక పాత బండ వెనక్కి చేరి కూలబడ్డాం. పేలింది. నేల కింద నుంచి తన్నినట్టు అదిరింది. ముగ్గు గదిలోంచి తెల్లటి దుమ్ము బయటికి వచ్చింది.

కానీ కప్పు పడలేదు.

ఎంతసేపు చూసినా పడలేదు. అది ఏడ్చింది, తర్వాత నవ్వింది. దాని చీలమండ వాచింది. నా గోళ్లలోంచి నెత్తురు కారుతోంది.

"కొత్త బూట్లు మామ్మా. ఇప్పుడు ఒక్కటే మిగిలింది."

"ఎవరికైనా కుడికాలు లేకపోతే ఇద్దాంలే. నడువు."

ఇంట్లో నా కొడుకు, కోడలు నన్ను ఏమనలేక దాన్ని తిట్టారు. దాని కాలికి కట్టు కట్టించారు. ఆ రాత్రికి నేను దాని పక్కనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఎదురింటి ఆడపడుచు గంప పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఎక్కడికంటే ముగ్గుగొయ్యికే అంది. వాళ్ల చెల్లెలికి పంపాలట. నిన్న జరిగింది చెప్పాను. ఊరికి అప్పటికే తెలుసు.

"కప్పు పడలేదు కదా వదినా?"

"పడలేదు."

"మీ మనవరాలు ఉలితో పొడిస్తే ఊడింది. పొడవకపోతే ఊడుతుందా? మన అత్తల కాలం నుంచి ఉన్న కప్పు."

"ఒకటే రాయి కాదు అది. ముక్కలు ముక్కలుగా ఉంది."

"రాజమండ్రిలో చెప్పారేంటి? బూటు పోయిందని ఊరంతటికీ ముగ్గు ఆపేస్తావా?"

"ఆపేస్తాను" అన్నాను.

నవ్వి వెళ్లిపోయింది. వెనకాలే ఇంకో ఇద్దరు వెళ్లారు. నేను చెప్పులు వేసుకుని వాళ్ల వెంట గొయ్యి దాకా నడిచి, ఆ ముఖద్వారానికి అడ్డంగా కూర్చున్నాను. లేవమన్నారు. లేవలేదు. ఈవిడకి పట్టు వస్తే గానుగెద్దుకి వచ్చినట్టే అని ఒకతె అంది. వినపడనట్టు ఉన్నాను. ఎండ ఎక్కాక వాళ్లు వెళ్లిపోయారు. రేపు కూడా వస్తారు. రోజూ నేను వచ్చి కూర్చోలేను. నేను లేని పూట ఎవరి కోడలో, ఎవరి పిల్లో లోపల ఉంటుంది, గట్టవతల సైరన్ కూస్తుంది.

అక్కడి నుంచి గట్టెక్కి క్వారీ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. సైరన్ మీట నొక్కేది అతనే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి మామ్మగారూ, కూర్చోండి. ఏంటండీ ఇలా వచ్చారు?"

"పాత గొయ్యిలో ముగ్గు గదిని మూసెయ్యాలి. టిప్పర్లతో క్రషర్ డస్టు కావాలి."

"డస్టు ఊరికే ఇవ్వరండి. ఓనర్ గారు ఒప్పుకోరు. లోడు లెక్క ఉంటుందండి."

"నిన్న నువ్వు పేల్చినప్పుడు నేనూ నా మనవరాలూ ఆ గొయ్యిలోనే ఉన్నాం."

అతను నా మొహం వంక చూశాడు, తర్వాత గుడ్డ చుట్టిన నా వేళ్ల వంక చూశాడు.

"రోడ్డు మీద జెండా పెట్టించానండి. పశువుల్ని తోలించాను. కుర్రాళ్లని అన్ని పక్కలకీ పంపించానండి."

"అన్ని పక్కలకీ పంపించావు. ముగ్గుకి ఆడవాళ్లు ఏడాదికొకసారి వస్తారని నీకెవరు చెప్పారు? తప్పు పట్టడానికి రాలేదు. డస్టు అడగడానికి వచ్చాను."

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయ్. రేపు పొద్దున్నే పంపిస్తానండి" అన్నాడు.

ఇంటికి వచ్చి మనవరాలికి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. మొహం మాడ్చుకుంది.

"మొత్తం పూడ్చేస్తావా మామ్మా? కింద ఒక రాయి, పైన ఒక రాయి, మధ్యలో కాలిన పొర, ఇంత శుభ్రంగా ఈ చుట్టుపక్కల ఎక్కడా కనపడదు. మా మేడమ్ కూడా చూడలేదు. బయట కంచె వేయించు, బోర్డు పెట్టించు."

"కంచె కర్రలు వారానికల్లా ఎవరింటి పొయ్యిలోకి పోతాయో నాకు తెలుసు. బోర్డు చదివి ఆగేవాళ్లు ఎవరూ ముగ్గుకి రారు."

"నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. సంచులు, సుత్తి, అన్నీ లోపలే ఉన్నాయి."

"తెలుసు."

"ఒక్కసారి వెళ్లి తెచ్చుకోనా? ఒక్క నిమిషం."

గుడ్డ చుట్టిన నా వేళ్లు దాని ముందు పెట్టాను. అది మళ్లీ అడగలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తింది.

మర్నాడు టిప్పర్ వచ్చేసరికి ఆడపడుచు, ఇంకా కొంతమంది ఆడవాళ్లు గొయ్యి అంచున చేరారు. కొందరు తిడుతున్నారు. కొత్త పెళ్లికూతురొకతె, ఈ ఏడాదికైనా తవ్వుకోనివ్వండి పిన్నిగారూ అని బతిమాలింది. మనవరాలు చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ ఆలస్యంగా వచ్చింది. వచ్చి గోడ వంక చూస్తూ నిలబడింది. ఫోను తీసి ఫోటోలు తీసుకుంది. దూరం నుంచే తీసింది.

డ్రైవరు బండిని వెనక్కి తిప్పాడు కానీ గోడ కనపడక తడుముకుంటున్నాడు. దగ్గరికి వస్తే బండి అదురుకి కప్పు మీద పడుతుందని భయం, దూరంగా పోస్తే ముఖద్వారం మూసుకోదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆడవాళ్లలో ఎవరూ కదల్లేదు. నాకు ఆ దూరాలు తెలియవు.

మనవరాలు ఫోను జేబులో పెట్టుకుంది. కుంటుతూ వెళ్లి, డ్రైవరుకి అద్దంలో కనపడేలా పక్కగా నిలబడి చెయ్యెత్తింది.

"రానీ అన్నా. రానీ. ఎడమకి కొంచెం. రానీ. చాలు, ఆపు. ఇక్కడే పొయ్యి."

వెనక తొట్టి పైకి లేచింది. నల్లటి డస్టు జారి ముందు ముఖద్వారాన్ని, తర్వాత తెలుపుని, ఆఖరికి మాడుని కప్పేసింది. మా ఆడపడుచు ఖాళీ గంపని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మనవరాలు అక్కడే నిలబడి, రెండో బండి కోసం గట్టు వైపు చూస్తోంది.